పటం గీసి భాగాలు గుర్తించండి

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ కర్టెన్ల అత్తే. పెళ్ళి చేసుకోలేదు. అన్నావదినల ఇంట్లో ముందుగదిలో ఉంటుంది, పగలంతా బజారు మలుపులోని కర్టెన్ల దుకాణంలో మిషను తొక్కుతుంది. ఎప్పుడూ ముక్కు మీదే కోపం. ఏడో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష హాలు గుమ్మందాకా వెళ్ళి, చదువుకీ తనకీ పడదని అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేసిన మనిషి. అలాంటి మనిషి నలభై ఆరేళ్ళ వయసులో బడిలో పెద్ద టీచరు గదికి వెళ్ళి, బల్ల గుద్ది, బొమ్మలన్నీ నేను చేసిస్తానని మాట ఇచ్చి వచ్చింది. కోపంలో ఇచ్చిన మాటే. అయినా ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆవిడ మేనకోడలికి పదిహేనేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. చూపు లేదన్న సంగతి ఆ పిల్లతో ఐదు నిమిషాలు మాట్లాడితే ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే ఈలోపు ఆ పిల్ల ఏదో ఒక దాని మీద వాదనకి దిగి అవతలివాళ్ళ తల తినేస్తుంది. అందుకే ఇంట్లో అందరూ ప్లీడరు అంటారు. మామూలు బడిలో అందరితో పాటు పదో తరగతి చదువుతోంది. పాఠం చెవితో విని, బ్రెయిలీ పలక మీద టకటకా చుక్కలు పొడుచుకుంటుంది. పై తరగతిలో సైన్స్ గ్రూపు కావాలంది. బడివాళ్ళు కుదరదన్నారు.

కారణం బొమ్మలు. పరీక్షలో 'పటం గీసి భాగాలు గుర్తించండి' అని వచ్చిన ప్రతిసారీ ఆ పిల్లకి మాఫీ చేసేవారు. దాని బదులు ఇంకో ప్రశ్న ఇచ్చేవారు, తీరిక లేకపోతే సగటు మార్కు వేసి ఊరుకునేవారు. పాపం మంచి మనసుతోనే చేశారు. అయితే పదేళ్ళు అలా మాఫీ చేసిన వాళ్ళే ఇప్పుడు తల అడ్డంగా ఊపి, ఒక్క బొమ్మ కూడా గీయని పిల్లకి సైన్స్ ఎలా ఇస్తామన్నారు. అన్నకీ వదినకీ ఫ్యాక్టరీలో షిఫ్టులు. మాట్లాడ్డానికి అత్త వెళ్ళింది. ఆ మాట విన్నది, ఒంటికాలి మీద లేచింది. పెద్ద టీచరు నెమ్మదస్తురాలు కనుక సరిపోయింది. అర్ధ సంవత్సరం పరీక్షలో ఒక పటం ప్రశ్న మాఫీ లేకుండా ఇచ్చి చూద్దామని ఒప్పుకుంది.

దుకాణం పది గంటలకి తెరుస్తారు. ఏడున్నరకే అత్త తాళం తీసి, కటింగ్ బల్ల మీద పుస్తకం పరిచి, పక్కనే ప్లీడరుని కూర్చోబెట్టేది. మొదట్లో పని తేలికనుకుంది. పుస్తకంలో బొమ్మ ఉంది, చేతిలో గుడ్డ ఉంది, గీతల వెంబడి లావు దారంతో కుట్టేస్తే పిల్ల తడిమి చూసుకుంటుంది. మొదటి రోజే పేగుల దగ్గర చిక్కుకుపోయింది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో, ఏది దేని మీదుగా వెళ్తోందో తెలియకుండా కుడితే అది బొమ్మ కాదు, ముడిపడ్డ దారపుండ. చూసి కుట్టడం వేరు, తెలిసి కుట్టడం వేరు. కాబట్టి ముందు ఆవిడకి పాఠం అర్థం కావాలి. చెప్పేది ఎవరు? ప్లీడరే.

అలా ఆ బల్ల మీద చదువు తలకిందులైంది. పిల్ల పాఠం చెప్పేది, అత్త ప్రశ్నలు వేసేది. చిన్నపేగు ఆరు మీటర్లు ఉంటుందని పిల్ల చెబితే అత్త నమ్మలేదు. పుస్తకంలో అచ్చుతప్పు అని కొట్టిపారేసింది. చివరికి సోఫా అంచులకి వేసే పైపింగ్ తాడు ఆరు మీటర్లు కొలిచి, దిండు గలీబంత సంచీలో మడతలు మడతలుగా కూరి చూసింది. పట్టింది. ఆ రోజంతా అత్త దుకాణానికి వచ్చిన ప్రతి మనిషి పొట్టకేసి అదోలా చూసింది. కానీ మడతలు ఎందుకో, అన్నం అంత దూరం ఎందుకు నడవాలో ఆవిడకి ఇంకెవరూ చెప్పనక్కర్లేకుండా పోయింది.

అక్షాంశాలూ రేఖాంశాలూ గళ్ళగుడ్డ మీద తేలిగ్గా తేలిపోయాయి. అడ్డగీత ఎన్నోది, నిలువుగీత ఎన్నోది చెబితే గుడ్డ మీద ఏ గడో చెప్పినట్టే, భూమి మీద ఏ ఊరో చెప్పొచ్చు. కొండలు ఎలా పుట్టాయో చెప్పడానికి ప్లీడరు రెండు దళసరి గుడ్డల అంచులు బల్ల మీద ఒకదానికొకటి ఆనించి నెట్టమంది. అత్త నెట్టింది. మధ్యలో గుడ్డ మడతపడి పైకి లేచింది. దానికి కొన్ని కోట్ల ఏళ్ళు పట్టిందని పిల్ల అంటే, తనకి అరనిమిషం పట్టిందని అత్త గొప్పలు పోయింది. నవ్వుకుంటూ ఆ మడతని అలాగే కుట్టేసి పర్వతం చేశారు.

ప్రభుత్వంలో మూడు విభాగాల పాఠం మాత్రం పెద్ద గొడవే తెచ్చింది. చట్టం చేసేవాళ్ళు వేరు, అమలు చేసేవాళ్ళు వేరు, తప్పొప్పులు తేల్చేవాళ్ళు వేరు, ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదని అత్త అడిగింది. పిల్ల, ఈ దుకాణంలో కొలతలు నిర్ణయించి కత్తిరించేది ఎవరు, కుట్టేది ఎవరు, వంకరుందని వెనక్కి పంపేది ఎవరు అని ఎదురడిగింది. అత్తకి వెంటనే వెలిగింది. కటింగ్ మాస్టారు అర్జెంటు పనులప్పుడు తనే కత్తిరించి, తనే కుట్టి, తనే బాగుందని పంపేస్తాడు. ఆ కర్టెన్లే వారం తిరక్కుండా వెనక్కొస్తాయి. ఈ ఉదాహరణ అప్పుడే లోపలికి వస్తున్న మాస్టారి చెవిన పడింది. రెండు రోజులు ఆయన అత్తతో మాట్లాడలేదు. మూడో రోజు తన తొందర పనులు ఒక్కసారి చూసిపెట్టమని ఆయనే తెచ్చిచ్చాడు.

నాలుగు నెలల్లో పధ్నాలుగు గుడ్డలు తయారయ్యాయి. అర్ధ సంవత్సరం పరీక్షలో సోషల్ టీచరు దేశపటం ఇచ్చింది. దళసరి అట్ట మీద దేశం అంచులు మాత్రం ఉబ్బెత్తుగా చేయించి, నదులూ కొండలూ రేవులూ ఎక్కడెక్కడో గుండుసూదులు గుచ్చి చూపించమంది. పిల్ల అంచులు సరిగ్గా తడిమి చూడకుండానే, గుడ్డ మీది గుర్తుతో చకచకా గుచ్చేసి నవ్వుతూ బయటికొచ్చింది. పదికి సున్నా వచ్చింది.

సున్నా అంటే మామూలు సున్నా కాదు. తూర్పున కలవాల్సిన నది పడమట కలిసింది. ఎడారి ఉండాల్సిన చోట రేవు వచ్చింది. ఇంటికొచ్చి పిల్ల ఏడవలేదు, దేశపటం గుడ్డ తెమ్మంది. రెండు చేతులూ ఆ గుడ్డ మీద ఆనించి చాలాసేపు కూర్చుంది.

"అత్తా, నువ్వు గీత ఏ వైపు గీశావు?"

అత్తకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. గుడ్డకి వెనకవైపే గీస్తారు. కర్టెను కుట్టేవాళ్ళెవరైనా చాక్‌పీసు వెనకవైపే పెడతారు, ముందువైపు మరక పడితే యజమాని ఊరుకుంటాడా. పైగా లావు దారం సూది కన్నంలో పట్టదు కాబట్టి దాన్ని కింది బాబిన్‌కి చుట్టి, గుడ్డని బోర్లా పెట్టి కుట్టింది. అంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వెనక గీస్తే, పిల్ల తడిమే ముందువైపున కుడి ఎడమై, ఎడమ కుడై తేలింది. ఇరవై ఎనిమిదేళ్ళ పనితనం ఆవిడని పప్పులో కాలేయించింది. దేశపటం ఒక్కటే కాదు. పధ్నాలుగూ అంతే. కాలేయం ఎడమకి పోయింది, గుండె కుడికి వచ్చింది.

ప్లీడరు నవ్వడం మొదలెట్టింది. బ్రెయిలీ పలక మీద తను రోజూ కుడినుంచి ఎడమకి పొడుస్తుందట, కాగితం తిప్పితే ఎడమనుంచి కుడికి చదవడానికి వస్తుందట. రోజూ చేసే పనే అయ్యుండి తనకే ముందు తట్టలేదని నవ్వింది. అత్తకి నవ్వు రాలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పిల్ల తప్పు చదవలేదు, తను తప్పు నేర్పింది. బడివాళ్ళకి కావలసిన సాకు తన చేత్తోనే అందించింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయింది.

మర్నాడు ఆ దేశపటం గుడ్డతో బడికి వెళ్ళి, బల్ల గుద్దకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు నాది, పిల్లది కాదంది. సోషల్ టీచరు ఆ గుడ్డ తీసుకెళ్ళి కిటికీకి అడ్డంపెట్టి వెనకనుంచి చూసింది. ప్రతి నదీ ఉండాల్సిన చోటే ఉంది. ఆవిడ ముఖం మారింది. అయినా సైన్స్ మాస్టారు మెత్తబడలేదు. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. గుడ్డ మీద ఉన్నది బట్టీ పట్టడం వేరు, తనంతట తను గీయడం వేరు, రేపు పై తరగతిలో ఎవరు కుట్టిస్తారని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. పెద్ద టీచరు మధ్యస్థంగా ఒక మాట చెప్పింది. సంవత్సరం చివర ముగ్గురూ కూర్చుని అడుగుతారు. గుడ్డలు తేకూడదు. చీటీ తీసి ఏ పాఠం వస్తే అది. పిల్ల తనే గీసి చెప్పాలి. చెబితే సైన్స్, లేకపోతే ఇంక ఆ ఊసెత్తకూడదు.

అత్త పధ్నాలుగు గుడ్డలూ విప్పి మళ్ళీ కుట్టింది. విప్పడం కుట్టడం కన్నా కష్టం. తల ప్రాణం తోకకొచ్చింది. పిల్ల గీయడానికి మాత్రం తన పెట్టెలోంచి పళ్ళచక్రం తీసిచ్చింది. పిడికి చిన్న చక్రం, చక్రానికి సన్నటి పళ్ళు. కొలతలు గుడ్డ మీదికి దించడానికి దర్జీలు వాడేది. మెత్తటి ఊలుగుడ్డ మీద దళసరి కాగితం పెట్టి దాన్ని దొర్లిస్తే అవతలి వైపు చుక్కల గీత ఉబ్బుతుంది. పిల్ల తలకిందుల లెక్కలో అప్పటికే ఆరితేరింది కాబట్టి తిప్పితే సరిగ్గా వచ్చేలా గీసేది. కాగితాలు కట్టలకొద్దీ అయ్యాయి.

పరీక్ష బడి ల్యాబులో పెట్టారు. గాజు బీరువాలో అస్థిపంజరం, గోడవార కారుతున్న కుళాయి, పొడుగాటి బల్లకి అవతల ముగ్గురు టీచర్లు. అత్తని వెనక స్టూలు మీద కూర్చోనిచ్చారు, నోరు మెదపకూడదన్న షరతు మీద. ఆవిడకి అంతకు మించిన శిక్ష లేదు. పెద్ద టీచరు ఒక డబ్బాలో చీటీలు వేసి కలిపింది.

మొదటి చీటీ కొండ ఎత్తు చూపే గీతలు. ప్లీడరు చక్రంతో ఒకదాని లోపల ఒకటి గుండ్రాలు గీసి, గీతలు దగ్గర పడ్డ చోట ఎక్కడం కష్టమనీ, దూరమైన చోట పశువులు కూడా నడుస్తాయనీ చెప్పింది. సోషల్ టీచరు ఇంకేమీ అడగలేదు. రెండోది ప్రభుత్వ విభాగాలు. పిల్ల మూడు గదులు గీసి బాణాలు వేస్తూ, ఒక దుకాణంలో కత్తిరించేవాడే తన పని తను చూసుకుంటే ఏమవుతుందో కథలాగా చెప్పింది. పెద్ద టీచరు నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అత్త వెన్ను నిటారైంది.

మూడో చీటీ సైన్స్ మాస్టారు తీశాడు. చదివాడు. మడిచి మళ్ళీ డబ్బాలో వేయబోయాడు.

"ఏం పాఠం సార్?" అంది పిల్ల.

ఇంకోటి తీద్దామన్నాడు. ఏం పాఠమని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. మానవ నేత్రం అన్నాడు ఆయన, తప్పు చేసినవాడిలా.

స్టూలు మీద అత్త తల దించుకుంది. ఆ ఒక్క పాఠం ఆవిడ కుట్టలేదు. ఎన్నిసార్లు ఆ పేజీ తెరిచిందో, ఎన్నిసార్లు మూసిందో. చాక్‌పీసు పట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు. ఆ పిల్ల వేళ్ళ కింద ఆ బొమ్మ పెట్టి, ఇదిగో ఇది కన్ను అని ఏ నోటితో చెప్పాలి? అది పరీక్షకి రాదులే అని దాటేసింది. తప్పు మళ్ళీ తనదే అయింది. ఈసారి విప్పి కుట్టడానికి టైము కూడా లేదు.

"మాఫీ వద్దు సార్. గీస్తాను," అంది ప్లీడరు.

కొత్త కాగితం తీసుకుంది. పెద్ద గుండ్రం గీసింది. ముందువైపు ఉబ్బు గీసింది. కిందికీ పైకీ తడుముతూ, వేళ్ళతో కొలుస్తూ, ఎక్కడా తడబడకుండా లోపలి భాగాలు ఒక్కొక్కటే దింపింది. కుళాయి చప్పుడూ చక్రం చప్పుడూ తప్ప గదిలో ఇంకేమీ లేదు. కాగితం తిప్పి ముగ్గురి ముందూ పెట్టి, ఒక్కో భాగం మీదా వేలు పెట్టి చెప్పింది.

"ఇది శుక్లపటలం. కిటికీ అద్దం లాంటిది. ఇది కనుపాప, వెలుతురు ఎక్కువైతే చిన్నదవుతుంది, తక్కువైతే పెద్దదవుతుంది. ఇది కటకం. వెలుతురు ఇందులోంచి వంగి వెనకున్న ఈ తెర మీద పడుతుంది, దీని పేరు నేత్రపటలం. బొమ్మ తలకిందులుగా పడుతుంది సార్. మీకూ అంతే, మా అత్తకీ అంతే. ఈ దృక్ నాడి ఆ కబురు మోసుకెళ్తే, మెదడు దాన్ని నిటారుగా అర్థం చేసుకుంటుంది."

నాడి మీద వేలు అలాగే ఉంచింది.

"నాకు కటకం బాగుంది, తెర కూడా బాగుంది. తేడా ఇక్కడ. వెలుతురు లోపలిదాకా వస్తుంది, కబురే పైకి పోదు."

ఎవరు చెప్పారమ్మా ఈ పాఠం అని పెద్ద టీచరు మెల్లగా అడిగింది. ఎవరూ చెప్పలేదంది పిల్ల. అత్త దాటేసిందని చెప్పింది. అత్తకి అబద్ధం చెప్పడం చేతకాదు, గొంతు మారిపోతుంది, అందుకే లైబ్రరీలో స్నేహితురాలి చేత నాలుగుసార్లు చదివించుకుని తనే గీసుకుందట. ఆ మాట విని అత్తకి ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. తను భయపడి దాచిన దాన్ని ఈ పిల్ల ఎంత తేలిగ్గా బల్ల మీద పెట్టేసిందో చూసి ఆవిడకి ఏనుగెక్కినంత సంబరమైంది. తను కుట్టిందేదీ ఆ కాగితం మీద లేదు. గీత గీతా ఆ పిల్లదే.

సైన్స్ మాస్టారు పిల్ల పై తరగతి దరఖాస్తు దగ్గరికి లాక్కుని, గ్రూపు అన్న గడిలో సైన్స్ అని రాసి, సంతకం పెట్టి, మిగతా ఇద్దరి ముందుకీ తోశాడు. సంతకాలయ్యాయి. అత్త లేవబోయింది. ప్లీడరు కదల్లేదు.

"మార్కులెన్ని సార్?"

ఇది మార్కుల పరీక్ష కాదన్నాడు ఆయన. అందరికీ వేసినట్టే పదికి వేయమంది పిల్ల. ఆయన నవ్వి, బొమ్మ మీద పది వేసి, పదికి పది అని చదివి వినిపించాడు. పిల్ల ఆ కాగితం తన వైపు తిప్పుకుని మొదటినుంచీ తడిమింది. నాడి మొదట్లో వేలు ఆగిపోయింది.

"పది ఎలా వేశారు? అంధచుక్క పెట్టలేదు నేను."

మాస్టారు ఇందాకే చూశాడు, చూసే ఊరుకున్నాడు. ఆ పిల్ల ఎదురుగా ఆ మాట ఆయన నోట రాలేదు. ఇప్పుడు కూడా బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"తెలియక కాదు సార్, మర్చిపోయాను. నాడి బయటికి పోయే చోట ఉంటుంది. అక్కడ పడ్డది ఎవరికీ కనబడదు. మిగతా పిల్లలు ఇది మర్చిపోతే ఎంత కోస్తారు?"

"అర మార్కు," అన్నాడు ఆయన.

"అయితే కోయండి."

మాస్టారు పది కొట్టేసి తొమ్మిదిన్నర వేశాడు. ఒక్క చుక్కకి అర మార్కా అని అత్త అప్పుడే నోరు తెరిచింది. పిల్ల వెనక్కి చెయ్యెత్తి ఆపింది. అత్త ఆ పిల్ల ముఖంకేసి చూసింది. ఆ ముఖం అలా వెలగడం ఇన్నేళ్ళలో ఆవిడెప్పుడూ చూడలేదు.

దుకాణానికి వచ్చేసరికి కటింగ్ మాస్టారు కత్తెర పక్కన పెట్టి, ఏమైందని అడిగాడు. సైన్స్ వచ్చిందని చెప్పడం మర్చిపోయి, పదికి తొమ్మిదిన్నర, అర మార్కు కోసేశారని ప్లీడరు దుకాణమంతా వినబడేలా చెప్పింది. అయ్యో పాపం అన్నాడు ఆయన.

"పాపం ఏంటి?" అంది అత్త. "అందరికీ కోసినట్టే మా పిల్లకీ కోశారు."